ఒక్కసారి తోస్తే ఎంతసేపు

పదిన్నరైందో పదకొండైందో తెలియదు, గడియారం తెరకి అవతల ఉంది. ఇవతల ఉన్నదల్లా నల్లగుడ్డ, ఆ గుడ్డకి జానెడు చీలిక, చీలికలోంచి వెళ్ళి వస్తున్న కుట్టుమిషను బెల్టు, స్టాండు మీద నిలబెట్టిన సైకిలు, దాని మీద సనోబర్. ఎంత తొక్కినా ఒక్క అంగుళం ముందుకి పోని సైకిలు ఎక్కడం ఆమెకి ఇదే మొదటిసారి. బందరు రోడ్డు మీదైతే ఈపాటికి కంకిపాడు దాటి, ఉయ్యూరు దగ్గర బెల్లప్పాకం లాంటి వాసన ముక్కుకి తగిలి, ఎడమపక్క కాలువ ఎండకి తళతళమంటూ తన వెంట వస్తూండేది. ఇక్కడ వెంట వచ్చేది ఏమీ లేదు, అట్టపెట్టెల వాసన, కొత్త రబ్బరు వాసన, వెనక వంటగదిలో డీలర్ల భోజనాలకి వేగుతున్న వంకాయల వాసన. సైకిళ్ళ కంపెనీ మేనేజరు తిరుపతిరావుగారు పొద్దున్నే చెప్పారు, నిదానంగా తొక్కాలమ్మా, ఒకే తీరున తొక్కాలి, మోటారు కాలిపోయింది, ఇంకోటి దొరికేదాకా గంటో గంటన్నరో. కాళ్ళు ఉన్నది నీకే కదా అని నవ్వారు కూడా. వేగంగా తొక్కడం నేర్చిన కాళ్ళకి నిదానంగా తొక్కడం ఇంత కష్టమని పోటీలకి తయారుచేసే శౌరయ్య మాస్టారు ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకి తెలిసి ఉండదు. తెలిస్తే దాన్నీ ఒక కసరత్తు చేసి గుణదల కొండ చుట్టూ తిప్పేవారు.

తెరకి అవతల చక్రం తిరుగుతోంది. బండి లేదు, ఒక్క చక్రమే, పట్టుగుడ్డ పరిచిన బల్ల మీద ఇనుప చట్రంలో బిగించి ఉంది. నడిమధ్యన కంపెనీ వాళ్ళ కొత్త హబ్బు, ఇరుసు చుట్టూ బాల్‌రేసులు మూతపెట్టి మూసేసిన రకం, దుమ్ము పోదట, గ్రీజు ఎండదట. దానికి వెనకవైపు, చూసేవాళ్ళకి కనపడని చోట, వేలంత గాడి తీసి బెల్టు తగిలించారు. బెల్టు రెండో కొస సనోబర్ ఎక్కిన సైకిలు వెనక రిమ్ముకి. టైరు పీకేసిన రిమ్ము, బోసినోరులా ఉంది. పొద్దున పదింటికి తిరుపతిరావుగారు వచ్చిన డీలర్లందరి ఎదుటా చక్రాన్ని అరచేత్తో ఒక్క తోపు తోసి, ఇక చూడండి, మధ్యాహ్నం భోజనాలకి లేచేటప్పుడు కూడా తిరుగుతూనే ఉంటుంది అన్నారు. అనడం సనోబర్ విన్నది. వినకముందు, ఇది అలంకారానికి తిప్పే చక్రం అనుకుంది, పెళ్ళిళ్ళలో రంగురంగుల లైట్ల చక్రం తిరుగుతుంది చూడు, అలా. ఆ మాట విన్నాక కాళ్ళు ఒక్క క్షణం ఆగబోయాయి. ఆగలేదు. ఆగకపోవడానికి కారణం పుణె. ఇంకో ఇరవై రోజుల్లో పుణెలో జాతీయ పోటీలు. కంపెనీ ఇచ్చిన పద్నాలుగు గేర్ల సైకిలు గోడౌన్లో ఉంది, ఎర్రటిది, రెండు వేళ్ళతో ఎత్తవచ్చు, అది కంపెనీది, కంపెనీతో ఉన్నంతకాలమే తనది, ప్రచార కార్యక్రమాలకి సహకరించవలెను అని కాగితంలో రాసి ఉంది, ఆ కాగితం మీద తను సంతకం పెట్టింది, సాక్షి సంతకం నాన్న పెట్టాడు, పెన్ను తెరవడం రాక మూత విరగ్గొట్టి మరీ.

నిజానికి ఎంతసేపు తిరుగుతుంది? ఈ ప్రశ్న ఇందాకట్నుంచి ఈగలా చుట్టూ తిరుగుతోంది, తోలితే పోవడం లేదు. ఒక్కసారి తోస్తే, బెల్టు లేకుండా, తను లేకుండా, దానంతట అది. ఒక నిమిషమా, అయిదు నిమిషాలా. గంట మాత్రం తిరగదు, అది డిగ్రీ చదవకపోయినా తెలుస్తుంది, కానీ అసలు ఎంత? తిరుపతిరావుగారిని అడగాలనిపించింది, అడిగితే ఆయనకీ తెలియదేమో. కంపెనీలో ఎవరైనా గదిలో తలుపేసుకుని తోసి చూసి ఉంటారు కదా. చూడకుండానే గంట అని ఎలా అంటారు. ఫిజిక్సు ల్యాబులో ఫ్లైవీలు ప్రయోగం చేసింది తను, గోడకి బిగించిన ఇనుప చక్రం, తాడు, బరువు, బరువు కిందపడ్డాక చక్రం ఎన్ని చుట్లు తిరిగి ఆగుతుందో లెక్కపెట్టాలి. మిగతా ఆడపిల్లలు పాత రికార్డుల్లోంచి ఎక్కించేశారు. తను నిజంగా లెక్కపెట్టింది, మూడుసార్లు తిప్పితే మూడు లెక్కలు వచ్చాయి, మేడమ్‌ని అడిగితే సరాసరి తియ్యమ్మా, అంతే అన్నారు. మూడుసార్లూ బరువు వదిలింది ఒకలాగే, తిరిగింది మాత్రం వేరేగా. ఆ తేడా ఎక్కడికి పోయింది? గాలిలోకా, గోడలోకా. సరాసరి తీస్తే అది దొరకదు కదా.

కుడి పెడలు ఉన్నట్టుండి బరువెక్కింది. ఎవరో చక్రాన్ని ముట్టుకున్నారు. ఇది ఇందాక కనిపెట్టిన వింత, తెర అవతలి చేతులు బెల్టు మీదుగా అరికాళ్ళకి తెలుస్తున్నాయి. మొదట వచ్చినాయన ఒక్క వేలు ఆనించి వెంటనే తీసేశాడు, వేడి గిన్నె ముట్టుకున్నట్టు. తర్వాతాయన అరచెయ్యంతా వేసి నొక్కాడు, పిక్క పట్టేసింది, తను గట్టిగా తొక్కక తప్పలేదు, అబ్బో బలంగా ఉందే అన్నాడాయన, ఆ బలం తనదని తెలియక. ఇప్పుడీ చెయ్యి మెత్తగా, రాసుకుంటూ పోతోంది, దూడ వీపు నిమిరినట్టు, ఈయనకి పాడి ఉండి ఉంటుంది, దివిసీమ వైపు మనిషేమో. ముఖాలు చూడకుండా మనుషుల్ని ఇలా తెలుసుకోవడం బాగుంది. ఈయన డబ్బాలో పాలు పోసుకుని సైకిలు మీద వెళ్తాడా, సైకిళ్ళు అమ్ముతాడా, అమ్మేవాళ్ళు తొక్కుతారా అసలు.

నాన్న ఏడురోజుల సైకిలు తొక్కినప్పుడు కూడా అందరూ ముట్టుకుని చూసేవాళ్ళు. పామర్రు హైస్కూలు గ్రౌండులో, తనకి అయిదేళ్ళో ఆరేళ్ళో, సున్నంతో గుండ్రంగా గీసిన గీత, మధ్యలో గుంజ, గుంజకి మైకు. సైదావలి ఏడు రోజులు కింద కాలు పెట్టకుండా సైకిలు తొక్కును అని రిక్షాలో చెప్పుకుంటూ ఊరంతా తిరిగారు. తిండి సైకిలు మీదే, స్నానం సైకిలు మీదే, పక్కనుంచి బిందెతో కుమ్మరించేవాళ్ళు. అమ్మ, కుల్సుం, కంచం పట్టుకుని సైకిలు పక్కనే నడుస్తూ ముద్దలు అందించేది, పెళ్ళినాడు కూడా ఇన్ని ముద్దలు పెట్టలేదు కుల్సుమూ అని ఎవరో మైకులోంచే అంటే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, నడక మాత్రం ఆపలేదు. పిల్లలందరికీ ఒకటే సందేహం, మరి ఒంటికీ రెంటికీ ఎలా? తను వెళ్ళి అమ్మని అడిగితే నెత్తిన మొట్టింది. ఆ సంగతి ఇప్పటికీ తెలియదు. నాన్నని అడిగే వయసు దాటిపోయింది. నిద్ర ఎలా పోతావు అని మాత్రం అడిగింది, నాలుగో రోజు మధ్యాహ్నం, ముందు గొట్టం మీద కూర్చోబెట్టుకుని తిప్పుతుంటే. కళ్ళు నిద్రపోతాయమ్మా, కాళ్ళు మెలకువగా ఉంటాయి అన్నాడు. అలా కుదురుతుందా అని ఆ రాత్రి మంచం మీద పడుకుని కాళ్ళు ఆడిస్తూ చాలాసేపు చూసింది. ఏడోరోజు సాయంత్రం దిగాక నాన్న నిలబడలేకపోయాడు, ఇద్దరు పట్టుకున్నారు, నేల కదులుతోంది కదులుతోంది అన్నాడు. రాత్రి ఎవరూ చూడనప్పుడు దిగి పడుకుని ఉంటాడులే అన్నవాళ్ళు ఉన్నారు. రత్తయ్యగారే అన్నాడు మొదట, సైకిళ్ళ షాపాయన, అన్నాక ఏం తోచిందో రెండు రాత్రులు మడతకుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు, కూర్చుని, మర్నాడు మైకులో తనే చెప్పాడు, ఇతను దిగలేదు, నేను సాక్ష్యం అని. ఆ తర్వాత కొత్త సైకిళ్ళు బిగించే పని నాన్నకే ఇచ్చాడు. పదహారేళ్ళయింది. పామర్రు చుట్టుపక్కల ఎవరు కొత్త బండి కొనాలన్నా రత్తయ్యగారి షాపుకి వచ్చి, రత్తయ్యగారిని కాదు, సైదావలిని అడుగుతారు, ఏమయ్యా ఇది నిలుస్తుందా అని. నాన్న చక్రం ఎత్తి, తిప్పి, ఇరుసు దగ్గర చెవి పెట్టి, ఊ అంటాడు. లేదా అనడు. అనకపోతే వాళ్ళు కొనరు.

ఫ్యాన్లు ఆగిపోయాయి.

కరెంటు పోయింది, మైకులో వచ్చే పాట సగంలో తెగిపోయింది, హాలంతా ఒక్కసారి చెవుల్లోంచి దూది తీసినట్టయింది. ఇంతసేపూ ఫ్యాన్ల మోతలో కలిసిపోయిన చైను చప్పుడు ఇప్పుడు తనకి పిడుగులా వినిపిస్తోంది. ఇంకా నిదానంగా, ఇంకా మెత్తగా, పాదం వేళ్ళ మీద తొక్కాలి. చెమట కనుబొమ మీదినుంచి కంట్లోకి దిగుతోంది, తుడుచుకుంటే చెయ్యి తీయాలి, తీస్తే సైకిలు కదులుతుంది. అవతల గొంతులు, ముందు ఒకటి, తర్వాత పది. చక్రం ఆగలేదు చూడండి. కరెంటు పోయినా తిరుగుతోందండీ. అంటే వీళ్ళంతా ఇంతసేపూ లోపల మోటారుందనే అనుకున్నారన్నమాట, పైకి అనలేదు, మర్యాద, కరెంటు పోవడం కోసమే ఎదురుచూస్తున్నారు. మే నెల విజయవాడలో ఎంతసేపని చూడాలి. పోయింది, చక్రం మాత్రం తిరుగుతోంది, ఇక నమ్మక చస్తారా. కుర్చీలు జరుగుతున్న చప్పుడు, చెప్పుల చప్పుడు, బల్ల చుట్టూ చేరుతున్నారు. తిరుపతిరావుగారి గొంతులో ఆయనకే నమ్మకం కుదిరినంత సంతోషం.

"ఏం సైదావలీ, చూశావా?"

రత్తయ్యగారి గొంతు. ఆ పేరు వినగానే సనోబర్ కాలు పెడలు మీంచి జారబోయింది. నాన్న వచ్చాడా. వస్తానని అనలేదే. అంటే తనే వద్దని ఉండేది, ఇంట్లో చెప్పింది వేరు. కంపెనీ చొక్కా వేసుకుని స్టేజీ దగ్గర నిలబడి డీలర్లకి వివరాలు చెప్పాలి నాన్నా అంది. చొక్కా మాత్రం నిజం. పామర్రులో షాపు గోడకి తన ఫొటో, పేపర్లో పడిన కంపెనీ ప్రకటన కత్తిరించి అన్నం మెతుకుల్తో అంటించాడు, వచ్చిన ప్రతివాడికీ చూపిస్తాడు. ఇప్పుడు ఆ కళ్ళు స్టేజీ చుట్టూ వెతుకుతూ ఉంటాయి.

అనుకున్నట్టే అడుగుతున్నాడు, మా అమ్మాయి ఇక్కడే ఉంటానంది, కనపడలేదండీ అని. పని మీద పంపాం, వస్తుందిలే అని తిరుపతిరావుగారు అంటున్నారు. పక్కనే, గుడ్డకి ఇవతల, మూరెడు దూరంలో తను. అంతలో పెడలు బరువెక్కింది, చాలా కొద్దిగా. నాన్న వేలు. గోరు ఆనించాడు, ఇరుసు పక్కన, ఊగుతోందేమో అని చూస్తున్నాడు. ఆ గోరు కింద గ్రీజు ఎప్పటికీ పోదు, సబ్బుతో పోదు, కిరసనాయిలుతో పోదు. తను ఊపిరి బిగబట్టింది, ఊపిరి కూడా బెల్టు మీదుగా పోతుందేమోనని.

"ఎక్కడో చైను చప్పుడవుతోందండీ," అన్నాడు సైదావలి.

"సైకిళ్ళ ఎగ్జిబిషనుకి వచ్చి చైను చప్పుడంటావేంటయ్యా, వీణ వాయిస్తారా?" అన్నాడు తిరుపతిరావు. అందరూ నవ్వారు.

నాన్న కూడా నవ్వి ఉంటాడు, తన మీద వేసిన హాస్యానికి కూడా ముందు తనే నవ్వుతాడు. తర్వాత మెల్లగా అంటున్నాడు, నేను తిప్పి చూసినవాటిలో మంచి హబ్బు రెండు నిమిషాలు తిరిగిందండీ, ఓవర్‌హాలింగు చేసి కొత్త గోళీలు వేసి, అంతకి మించి నేను ఎరగను. రత్తయ్యగారు ఊరుకోడు కదా, ఏడ్రోజులు తిరిగినోడివి నువ్వు, చక్రం ఓ పూట తిరిగిందంటే నీకు నమ్మకం లేదా, ఆనాడు నిన్నూ ఇలాగే అన్నార్రా జనం అన్నాడు. మొదట అన్నది తనేనని ఆయనకి గుర్తున్నట్టు లేదు. నువ్వు ఊ అను, యాభై బళ్ళు రాయిస్తా, అనకపోతే పోదాం పద, భోజనం చేసి పోదాం. మిగతా డీలర్లు కూడా ఊరుకుండిపోయారు. పామర్రాయన మెకానిక్కు ఏమంటాడో విని తామూ రాయించుకుందామని. గుడివాడ, అవనిగడ్డ, కూచిపూడి, ఎక్కడెక్కడి వాళ్ళో, అందరూ ఒక్క ఊ కోసం.

అనడులే అనుకుంది సనోబర్. నాన్న అనడు. రెండు నిమిషాలు దాటి ఎరగనివాడు గంటకి ఊ ఎలా అంటాడు.

"ఇంకో కంపెనీ అయితే నమ్మకపోదును రత్తయ్యగారూ," అంటున్నాడు సైదావలి. "మా అమ్మాయికి సైకిలిచ్చి పుణె పంపుతున్న వాళ్ళండీ వీళ్ళు. వాళ్ళు అబద్ధమాడాల్సిన పనేముంది? నాకే తెలియదేమో. చెవి పెట్టి ఒక్కసారి వింటాను, ఉండండి."

విన్నాక అంటాడు. ఆ గొంతు తనకి తెలుసు, అప్పటికే సగం అనేసిన గొంతు అది. పదహారేళ్ళలో ఒక్కసారి కూడా తెలియనిదానికి ఊ అనని మనిషి తన కోసం అంటాడు, తను తొక్కుతున్న చక్రానికి అంటాడు, రేపు ఏ పాలాయనో బండి కొని, ఏంటయ్యా సైదావలీ గంట తిరుగుతుందన్నావు అని షాపు ముందుకొచ్చి నిలబడతాడు. ఏడురోజులు దిగలేదు అన్నమాట కూడా అప్పుడు అబద్ధం అయిపోతుంది. ఎర్ర సైకిలు, రెండు వేళ్ళతో ఎత్తేది, పుణె, అక్కడ చెక్కపలకలు పరిచిన ట్రాకు ఉంటుందట, వంపు దగ్గర గోడలా లేచి ఉంటుందట, దాని మీద సైకిలు పడిపోకుండా ఎలా ఉంటుందో చూడాలని ఎన్ని రాత్రులు. కాళ్ళు ఇంకా తొక్కుతున్నాయి. చెయ్యి చీలికలోకి వెళ్ళింది. తను పంపిందో, అదే వెళ్ళిందో. హబ్బు పక్కన, గాడిలో పరిగెడుతున్న బెల్టుని బొటనవేలితో పక్కకి నెట్టింది, చైను జారినట్టే జారింది, చప్పుడు లేకుండా చేతిలోకి వచ్చి పడింది, వెచ్చగా. పెడళ్ళు ఒక్కసారి తేలికైపోయాయి.

ఒకటి, రెండు, మూడు. చీలికలోంచి చక్రం అంచు కొద్దిగా కనపడుతోంది, పువ్వులా తిరిగే చువ్వలు, ఇక దాన్ని ఎవరూ తిప్పడం లేదు. త్వరగా ఆగు అనుకుంది, నాన్న నోరు తెరవకముందే ఆగు. పదిహేడు, పద్దెనిమిది. నాన్న ఇరుసు దగ్గర చెవి పెట్టి ఉంటాడు, కళ్ళు మూసుకుని, అలా పెడితే తొందరపడడు, గోళీ గోళీకీ వింటాడు. నలభై. ఒక నిమిషం. ఏమీ తగ్గినట్టు లేదే. నిమిషంన్నర, చువ్వలు ఇప్పుడిప్పుడే విడివిడిగా, రెండు నిమిషాలు, నాన్న ఎరిగిన మేర దాటిపోయింది. సనోబర్‌కి ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. ఆగకు అనుకుంది ఈసారి, ఇంకాస్త, ఎంత వెళ్తావో వెళ్ళు, చూస్తాను. అలా అనుకున్నందుకు భయం వేసింది. నాన్న అనేస్తే? ఆగు. ఆగకు. మూడు నిమిషాలు, నాన్న ఏమీ అనడం లేదు, అవతల రత్తయ్యగారు ఏంరా నిద్రపోయావా అంటున్నాడు. మూడూ నలభై, వాల్వు ఎక్కడుందో కనపడుతోంది, కిందికి వచ్చి, పైకి ఎక్కడానికి ఆలోచిస్తోంది, ఎక్కింది. నాలుగు. ఇంకో చుట్టు. వాల్వు సగం దాకా ఎక్కి, నిలిచి, వెనక్కి వచ్చి, ఉయ్యాల ఊగి, ఆగిపోయింది. నాలుగు నిమిషాల పద్నాలుగు సెకన్లు.

"నీరసపడిందే మేనేజరుగారూ," అని ఎవరో అన్నారు. నాన్న గొంతు మాత్రం లేదు.

గుడ్డ పక్కకి తొలగింది. తిరుపతిరావు లోపలికి వచ్చి సనోబర్ చేతిలో వేలాడుతున్న బెల్టు చూశాడు. అరవలేదు, అరిస్తే అవతలికి వినపడుతుంది. పళ్ళ బిగువున అన్నాడు, "పుణె సంగతి మర్చిపోయావా?"

"లేదండీ. నాలుగు నిమిషాల పద్నాలుగు సెకన్లండీ."

"ఏంటి?"

"దానంతట అది తిరిగింది. మా నాన్న చూసినదానికి రెట్టింపు. మీరు ఎప్పుడన్నా చూశారా?"

ఆయన చూడలేదు, ముఖంలోనే తెలుస్తోంది. నాలుగు అని పెదాలతో అనుకున్నాడు కూడా, చప్పుడు లేకుండా. అంతలోనే మేనేజరు ముఖం మళ్ళీ వచ్చేసింది. చొక్కా ఇక్కడే విప్పేసి, మార్చుకుని వెళ్ళమన్నాడు. ఎర్ర సైకిలు తాళం సాయంత్రంలోగా గోడౌన్లో ఇచ్చేయమన్నాడు. అలాగేనండీ అంది సనోబర్. అవతల డీలర్లు పిలుస్తుంటే ఆయన గుడ్డ వైపు తిరిగాడు.

ఆమె దిగింది. గంటపాటు ఎక్కడికీ పోకుండా తొక్కిన కాళ్ళు నేల మీద మొదటి అడుగు వేయడానికి కొంచెం తడుముకున్నాయి. బెల్టు చేతిలోనే ఉంది, దాచుకోవాలని తోచలేదు. గుడ్డ ఎత్తి బయటికి వచ్చేసింది. కిటికీల్లోంచి పడుతున్న ఎండలో యాభై మంది, చేతిరుమాళ్ళతో విసురుకుంటున్నవాళ్ళు, వాళ్ళందరి మధ్య, ఇంకా ఇరుసు దగ్గరే వంగి ఉన్న నాన్న. ఆయన తలెత్తాడు. కూతురిని చూశాడు, చెమటకి ఒంటికి అంటుకుపోయిన చొక్కాని, బెల్టుని, చక్రం వెనక ఉన్న గాడిని, వరసగా, బండి ఎక్కడ పాడైందో చూసినట్టు. చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఎంతసేపట్నుంచి తొక్కుతున్నావు?"

"గంట, నాన్నా."

రత్తయ్య ఒకసారి తిరుపతిరావు వంక చూశాడు. సైదావలి కూతురి ముఖం మీంచి కళ్ళు తిప్పుకుని చక్రాన్ని చూశాడు.

"చివర్న కాసేపు దానంతట అదే తిరిగింది కదూ," అన్నాడు. "చెవికి తెలిసింది. ఎంత వచ్చింది?"

చెప్పింది. ఆయన నమ్మలేనట్టు రెండోసారి చెప్పించుకున్నాడు.

"ఒక్కసారి చూస్తే లెక్క కాదు," అని రత్తయ్య వైపు తిరిగాడు. "ఆర్డరు తర్వాత రాయిద్దురుగాని, మీ వాచీ ఇటివ్వండి."

రత్తయ్య వాచీ విప్పి ఇచ్చాడు. వెనకున్నవాళ్ళు కుర్చీలెక్కారు. సనోబర్ బెల్టు బల్ల మీద పెట్టి, చేతిని చొక్కాకి తుడుచుకుని, టైరు మీద అరచెయ్యి ఆనించింది. ఎంత బలంతో తొయ్యాలో ఒక్క క్షణం ఆలోచించింది. తోసింది.